ఊర్లోకి పొయ్యొస్తా అన్నందుకు

తమ్ముడు ఏసురత్నానికి ప్రొద్దుటూరు నుంచి అక్క సుందరమ్మ రాసేది. ప్రభువు దయవల్ల ఈడ మేం బాగుండాం. నువ్వు, మరదలు, పిల్లోళ్లు ఎట్లుండారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? చీకటి పడినాక రోడ్డు మింద కూర్చోవాకు. రెండు పార్టీలోళ్ల జీపులూ మొదట ఊరి బయటుండే మన గేరి మిందనే పోయేది. వాళ్లేసే బాంబులకు భయపడే కదా మేం ఈడికి వచ్చింది.

బాగుండామని రాసినా గాని, బాగలేం రా. చెప్తా విను.

ఈ ఇంట్లో దిగినప్పటి నుంచి కోడలు శాంతమ్మ వాకిట్లో మిషను పెట్టి రవికలు కుడతాంది. వీధిలో ఆడోళ్లంతా ఆమెకే ఇస్తాండిరి. కులం ఎవరూ అడగలా, మేం చెప్పలా.

మొన్న సంచి పట్టుకొని మార్కెట్టుకు పోతాంటే, ఇంటామె అరుగు మింద కూర్చోని "యాడికి అవ్వా?" అనింది.

"ఊర్లోకి పొయ్యొస్తా తల్లీ" అన్నా.

"ఊర్లోకా? మరి ఇదేంది, అడివా?" అని నగింది. నేనూ నగినా. ఉన్నట్టుండి నగడం ఆపేసి, "మీ పల్లెలో గూడా ఇట్లనే అంటారా?" అనింది.

"పాలకు పోయినా, ఉప్పుకు పోయినా అట్లనే అంటాం తల్లీ" అన్నా. అన్నాక తెలిసింది. ఊర్లో ఉండేటోళ్లు ఊర్లోకి పోతాండాం అని యాడన్నా అంటారా?

సాయంత్రం ఆయమ్మ వచ్చి, "మా ఆడబిడ్డ వస్తాంది, ఇల్లు ఖాళీ చెయ్యండి" అనింది. శాంతమ్మ ఊరుకోలా. "అక్కా, నేను కుట్టిన రవిక తొడుక్కోనే చెప్తాండావే" అనింది. ఆయమ్మ పోయి తలుపేసుకుంది.

నా కొడుకు టౌను బయట మనోళ్ల కాలనీలో ఇల్లు చూసినాడు. ఈ ఆడోళ్లు ఆడికి రారు. ఇద్దరు అప్పుడే కుట్టని బట్ట వాపసు తీసుకపోయినారు. శాంతమ్మ నన్ను ఒక్క మాట అనలా. అన్నా బాగుండు. అన్నం తింటాండాలే, నువ్వు దిగులు పడాకు.

వాగు అవతల మనోళ్లకు కొత్త ఇళ్ల స్థలాలిస్తారని, శానా పెద్దవని సంబరంగా రాసినావు. పెద్దవైతే ఏంది రా? నీ మనవరాళ్లు గూడా ఊర్లోకి పోతాండాం అనే అంటారు. ఊర్లోనే ఇయ్యమని అడుగు. మెల్లిగా అడుగు. ఒక్కడివే పోవాకు, పదిమందితో పో. ఎలచ్చన్లు అయ్యేదాకా నోరు తెరవాకు. వద్దులే, అయినాక మన గేరికి ఎవరొస్తారు? ఇప్పుడే అడుగు. నాకు భయంగానే ఉంది, అయినా అడుగు.

చిన్నమ్మకు నా వందనాలు చెప్పి, ప్రార్థనలో మమ్మల్ని తలుచుకోమను. మరదలికి, పిల్లోళ్లకు నా దీవెనలు.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క
సుందరమ్మ