రిజిస్టర్లో లేని పేరు

చుంఫోన్,
మే 3, బౌద్ధ శకం 2537

ప్రియమైన లమై వదినగారికి,

వాన్ నమస్కారాలు. నేను క్షేమంగా చేరాను. మీరు చెప్పినట్టే స్టేషన్ ఎదురుగా ఉన్న ఫా సై హోటల్లో దిగాను. హోటల్ అనగానే మీరేమేమో ఊహించుకోకండి. పద్దెనిమిది గదులు, గదికో ఫ్యాను, ఫ్యాను తిరిగితే మంచం కూడా కదులుతుంది. ఇక్కడికి ఉండిపోవడానికి ఎవరూ రారు. రైలు దిగి పడవ ఎక్కేవాళ్లు, పడవ దిగి రైలెక్కేవాళ్లు, అంతే. తెల్లవాళ్లు బూట్లతోనే మంచమెక్కుతారు. తలుపు తట్టి, గదిలో ఉండే దేవతను ఒక్క మాట అడిగి లోపలికి వెళ్లాలన్న జ్ఞానం కూడా వాళ్లకి లేదు. నేను మాత్రం తట్టి, చేతులు జోడించి, "తల్లీ, నా మొగుడు పడవ దిగేదాకా ఇక్కడ తలదాచుకోనివ్వు" అని అడిగే వెళ్లాను.

గుమాస్తా పేరు లెంగ్ అన్న. చైనా వాళ్ల మనిషి. మంచివాడే గాని నోటికి మూత లేదు, ఎదుటివాడి మొహం చూడకుండా ఎకసెక్కాలాడతాడు. గదులు ఊడ్చి దుప్పట్లు ఉతుకుతానంటే మెట్ల కింద గది ఇచ్చాడు. తెల్లవారకముందే రేవుకి వెళ్లి, చేపల పడవలన్నీ దిగేదాకా నిలబడి, పదింటికి తిరిగొస్తాను. సాయంత్రం ఆ రోజు దిగినవాళ్ల పేర్ల చీటీ పోలీసు స్టేషన్లో ఇచ్చి రావడం కూడా నా పనే. ఈ ఊళ్లో మగాళ్లు దిగే హోటల్ ఇదొక్కటే. అంటే రేవులో నా కళ్లు కప్పినా, సవేంగ్ అనే ఆయన పేరు నా చేతుల మీదుగానే పోవాలి. "ఇంటిపేరు, గుర్తింపు కార్డు అడగవా అన్నా?" అంటే, "అడిగితే వచ్చేవాడు కూడా పక్క ఊరికి పోతాడమ్మాయ్" అంటాడు.

ఒక్క మనవి వదినా. బయల్దేరే ముందు మన గుడి పెద్దభిక్షువుగారిని అడిగాను. ఆదివారం పుట్టినవాడి పేరులో 'స' ఉండకూడదట. అందుకే ఆయన్ని సముద్రం వదలడం లేదట. ఇల్లు చేరగానే పేరు మార్పించేద్దాం. మీరూ గుర్తుపెట్టుకోండి.

మేము రోయ్ ఎత్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతామన్నందుకు మీ మనసు కష్టపడిందని తెలుసు. మీరూ మాతో వచ్చేయండి. అమ్మ ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది.

మీ మరదలు,
వాన్

*

బాన్ నోంగ్ కోక్,
మే 12

మరదలు వాన్‌కి,

ఉత్తరం అందింది. హోటల్లో దిగిన దొరసానివి, మేమెలా ఉన్నామో అడగడానికి తీరిక లేకపోయిందన్నమాట. పోనీలే.

పడవ ఆలస్యమైతే నన్నేం చేయమంటావు? సముద్రం నా చెప్పుచేతల్లో ఉందా? నా తమ్ముడు కోప్ రాసింది చుంఫోన్ అనే. నువ్వు రేవు వదిలావంటే ఇంకో పడవవాడు వాడికి తాగించి ఎక్కించుకుపోతాడు, మళ్లీ రెండేళ్లు. అప్పుడు నా దగ్గరికొచ్చి ముక్కు చీదకు. ఎన్నాళ్లయినా అక్కడే ఉండు.

మీ అమ్మ ఇంట్లో నాకు గది ఇస్తానన్నావు. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మగవాడు ఇల్లరికం పోవడం మనలో రివాజే, కాదనను. కానీ అమ్మ పోయేనాటికి కోప్‌కి నాలుగేళ్లు. చంకన వేసుకుని నాట్లకెళ్లాను. అడగొచ్చినవాళ్లందరినీ వాడి కోసమే తిప్పి పంపాను. ఇప్పుడు నువ్వొచ్చి నాకు గది చూపిస్తున్నావు. వాన్ అంటే తీపి; నీకు ఆ పేరు పెట్టిన మహాతల్లి ఎవరోగాని, ఆమెకు దణ్ణం పెట్టాలి.

లమై

*

చుంఫోన్,
మే 30

ప్రియమైన వదినగారికి,

మీ కోపం న్యాయమే. నేను మాట్లాడటం చేతకాక అలా రాశాను, క్షమించండి.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. దుప్పట్లు ఆరక గదులన్నీ ముక్కవాసన. రేవులో నన్నందరూ గుర్తుపడుతున్నారు. "ఏమమ్మా, నీ కప్ప ఇంకా ఒడ్డెక్కలేదా?" అంటారు. కోప్ అంటే కప్పే కదా, ఆయన ముద్దుపేరు చెప్పి తప్పుచేశాను, నన్ను చూడగానే బెకబెకమంటున్నారు. నేనూ నవ్వేస్తాను. గదికొచ్చాక ఏడుపొస్తుంది.

నిన్న లెంగ్ అన్న ఎవరితోనో, "ఈవిడ మా హోటల్లో అందరికంటే పాత అతిథి, పెళ్లికొడుకు కోసం చూస్తోంది" అని పరిచయం చేశాడు. సిగ్గుతో చచ్చాను. పేర్లు మాత్రం రోజూ రెండుసార్లు చదువుతున్నాను. సవేంగ్ లేడు. నెల రోజులు కావస్తోంది వదినా. ఆయన దగ్గర్నుంచి ఒక్క ముక్కైనా వచ్చిందా? ఏమీ లేదంటే వచ్చేస్తాను, మన ఇంట్లోనే కూర్చుని ఎదురుచూస్తాను.

మీ వాన్

*

బాన్ నోంగ్ కోక్,
జూన్ 9

వాన్‌కి,

ఏ కబురూ లేదు. వస్తే దాచుకుంటానా? నువ్విక్కడికి వచ్చి చేసేదేముంది? నాట్లకి మనుషులు దొరికారు. ఇల్లు నిండుగానే ఉంది. నిన్న బాతుని కోసి పులుసు పెట్టాను, పొద్దుటికి గిన్నె ఖాళీ.

అక్కడే ఉండు. ఊరికే ఉత్తరాలు రాయకు. చదివిపెట్టమని బడిపంతులి దగ్గరికి వెళ్లాల్సి వస్తోంది, కళ్లు సరిగా ఆనడం లేదు.

లమై

*

చుంఫోన్,
జూన్ 28

ప్రియమైన వదినగారికి,

రాయొద్దన్నారని తెలుసు. కానీ ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

మా హోటల్లో ఒక మనిషి చచ్చిపోయాడు. నేను పోలీసు స్టేషన్‌కి వెళ్లినప్పుడు ఎవరో వచ్చి తొమ్మిదో నంబరు గదిలో దిగాడు. తొమ్మిది కలిసొచ్చే అంకె కదా, అడిగి మరీ తీసుకున్నాడట. దిగినవాడు మళ్లీ బయటికి రాలేదు. గది ఊడవొద్దన్నాడని లెంగ్ అన్న చెప్పాడు. అయినా నా పని కదా, రెండుసార్లు తలుపు తట్టి, "అయ్యా, దుప్పటి మార్చమంటారా?" అని అడిగాను. లోపల దగ్గు తప్ప మాట లేదు. నీ బిగువు నువ్వే దాచుకోవయ్యా అని గొణుక్కుంటూ, వేడినీళ్ల ఫ్లాస్కు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాను. దాన్ని కూడా ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున నేను రేవులో ఉండగా తలుపు పగలగొట్టారట. అడవిజ్వరం, అదే మలేరియా అన్నాడు డాక్టరు. నేను వచ్చేసరికి పరుపే మిగిలింది. చెమటతో నానిపోయి ఉంది. నేనే ఉతికాను.

అతని దగ్గర కార్డు లేదు, చీటీలో పేరు తప్ప ఏ ఊరో, ఎవరో తెలియదు. "బంధువులుంటే రావలెను" అని పోలీసులు నోటీసు రాసిస్తే, అన్నం మెతుకులతో నేనే రైలు స్టేషన్ గోడకి అంటించాను. ఎవరూ రాలేదు. హోటల్ యజమానికి దయ్యాలంటే హడల్, ఆయనే ఖర్చు పెట్టుకుని గుడిలో కాల్పించాడు. నేను వెళ్లేసరికే శవపెట్టె మూసేశారు. చితి మీద చందనపు పువ్వు పెట్టడానికి నేనూ, లెంగ్ అన్నా తప్ప ఎవరున్నారు! అనాథకి కర్మ చేస్తే చాలా పుణ్యమట. ఆ పుణ్యమంతా మన కోప్‌కి ధారపోశాను వదినా. క్షేమంగా ఒడ్డు చేరాలని.

ఆ గదిలో దిగడానికి ఇప్పుడెవరూ ఒప్పుకోవడం లేదు. "నువ్వు పడుకుని చూపించు, దయ్యం లేదని జనానికి తెలియాలి" అని యజమాని నన్ను అందులోకి మార్చాడు. పోయినతని పేరు రాయను, రాస్తే పిలిచినట్టవుతుందట. రోజూ తలుపు తట్టి, "అయ్యా, నా మొగుడు వచ్చేదాకా మీ మంచం మీద పడుకుంటాను, ఏమీ అనుకోకండి" అని అడుగుతున్నాను. చిత్రం, భయం వేయడం లేదు. ఇన్నాళ్లలో ఇక్కడే బాగా నిద్రపడుతోంది.

మీ వాన్

*

బాన్ నోంగ్ కోక్,
జూలై 4

ప్రియమైన మరదలా, నా బంగారు తల్లీ,

పంతులి చేత నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. ఆ నోటీసు మీద ఏ పేరుంది? వరాకోన్ కాదు కదా? కాదని రాయి. నీ కాళ్లు పట్టుకుంటాను.

కోప్ ఇంటికి వచ్చాడే. జూన్ నాలుగున వచ్చాడు. వాడి పడవ ఎప్పుడూ మహాచై రేవుకే, చుంఫోన్‌కి కాదు. నిన్ను అక్కడికి పంపింది నేనే. నువ్వు కొన్నాళ్లు కనబడకపోతే వాడు ఇల్లరికం మాట మర్చిపోతాడనుకున్నాను, అంతకంటే ఏమీ లేదు. పెద్దభిక్షువు నీ మాట గుర్తుపెట్టుకుని వాడికి వరాకోన్ అని పేరు మార్చాడు. తాలూకా ఆఫీసులో పాత కార్డు తీసుకున్నారు, కొత్తది ఇంకా రాలేదు.

వాన్ ఏది, వాన్ ఏది అని నా ప్రాణం తోడేశాడు. కోపంలో నోరు జారాను. చుంఫోన్‌లో స్టేషన్ ఎదురు హోటల్లో ఉంది, హోటల్లో ఒంటరి ఆడది ఏం చేస్తుందో నేను చెప్పాలా అన్నాను. కళ్లారా చూసొస్తానని పదిహేడో తారీఖున బయల్దేరాడు. ఒళ్లు కాలిపోతోంది, వెళ్లొద్దురా అంటే వినలేదు. నాలుగు రోజుల్లో వచ్చేస్తాడనుకున్నాను. మీరిద్దరూ కలిసి నాకు చెప్పకుండా రోయ్ ఎత్ వెళ్లిపోయారేమోనని ఇన్నాళ్లూ నిన్ను తిట్టుకున్నాను. అలా వెళ్లిపోయి ఉన్నా బాగుండును.

ఆ పేరు కాదని రాయి తల్లీ. ఒకవేళ అయితే, వాడి అస్థికలు తీసుకుని ఇంటికి వచ్చేయి. అమ్మ పక్కన పెట్టుకుందాం. నువ్వూ ఇక్కడే ఉండు, నిన్ను కళ్లలో పెట్టుకుని చూసుకుంటాను.

నీ వదిన,
లమై

*

ఊరి పేరు రాయడం లేదు.
జూలై 30

లమైకి,

ఆ పేరే.

నీ ఉత్తరం అందినప్పుడు ఆయన మంచం మీదే కూర్చుని ఉన్నాను. అక్కడే చదివాను.

తర్వాత వెళ్లి లెంగ్ అన్న చొక్కా పట్టుకున్నాను. అప్పుడు ఏడుస్తూ చెప్పాడు. "నువ్వు పెరట్లో దుప్పట్లు ఆరేస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తున్నాడమ్మాయ్. ఆవిడ ఏ గదిలో ఉంటుందని అడిగాడు. ఆవిడ పోని గది ఏదండీ మా హోటల్లో, పొద్దున లేస్తే అన్ని గదులూ ఆవిడవే అన్నాను. వేళాకోళానికే అన్నాను. నవ్వుతాడనుకున్నాను. మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకుని, ఎవర్నీ రానివ్వొద్దన్నాడు." అది నేను ఊడ్చే గదుల మాట. వేరే ఏ మగాడు విన్నా అలాగే అర్థం చేసుకునేవాడు. కానీ ఆయన చెవిలో అప్పటికే నీ మాట ఉంది.

నేను తలుపు తట్టినప్పుడు ఆయనకి తెలివి ఉందో లేదో నాకు తెలియదు. నా గొంతు గుర్తుపట్టాడో లేదో తెలియదు. దుప్పటి మార్చమంటారా అని అడిగాను. ఇంకేమీ అడగలేదు. ఇది నేను చచ్చేదాకా మోయాలి. అందులో నీకు వాటా ఇవ్వను, నీది నీకుంది.

పోలీసు స్టేషన్లో ఆయన సంచీ ఇచ్చారు. కొత్త కార్డు కోసం తాలూకా ఆఫీసు వాళ్లిచ్చిన, తడిసి అక్షరాలు కలిసిపోయిన పచ్చకాగితం, రెండు రైలు టికెట్లు. ఖోన్ కేన్‌కి. అక్కణ్నుంచి మా అమ్మ ఊరికి బస్సే. ఆయన రైలు దిగిన రోజునే, హోటల్లో కాలుపెట్టక ముందే, స్టేషన్లో కొన్నవి. అర్థమైందా? నీ మాట నమ్మి రాలేదు లమై. నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆ పూట నమ్మలేదు. లెంగ్ అన్న నవ్వులాట విన్నాక నమ్మాడు.

జూన్ తొమ్మిదో తేదీన ఏ కబురూ లేదని రాశావు. ఆ బాతు పులుసు ఎవరికి వడ్డించావో ఇప్పుడు తెలిసింది. నా ఉత్తరాలు పంతులు చదివితే విన్నావు. నేను ఏ పేరు కోసం చీటీలు చదువుతున్నానో నీకు తెలుసు. కొత్త పేరు ఒక్క ముక్క రాసి ఉంటే, ఆయన దిగిన మర్నాటి సాయంత్రం చీటీలోనే చూసేదాన్ని. చీటీ పోలీసులకిచ్చింది నేనే. వరాకోన్. పైనుంచి మూడో పేరు.

అస్థికలు చుంఫోన్ గుడి అలమరలో ఉండేవి. సంతకం పెట్టి తీసుకున్నాను. నీ దగ్గరికి తీసుకురమ్మన్నావు. తీసుకురాను. రోయ్ ఎత్‌లో ఎన్ని గుళ్లున్నాయో నీకు తెలుసు. వాటిలో ఒకదాని ప్రహరీగోడలో గూడు తీయించి పెట్టాను. నువ్వు చంకనెత్తుకుని పెంచినవాడు ఇల్లరికం వచ్చేశాడు.

గూటి మీద రాతిపలక కూడా వేయించాను. దాని మీద సవేంగ్ అని లేదు. వరాకోన్ అని లేదు. కోప్ అనీ లేదు. నేనే ఒక పేరు పెట్టి చెక్కించాను, అందులో 'స' లేకుండా చూసుకున్నాను. ఆ పేరూ రాయను, గుడి పేరూ రాయను. నీకు చూపు ఆనదన్నావు కదా, ఎవర్నైనా వెంట తెచ్చుకుని ఒక్కొక్క గోడా చదివించుకో. నేను రెండు నెలలు చదివాను.

ఈ ఉత్తరం కూడా పంతులే చదువుతాడు. గట్టిగా చదవమని చెప్పు, ఊళ్లో నలుగురూ వినేలా.

వాన్