బంతికి పట్టిన చీమలు

జూన్ 8, ఆదివారం

ఫస్ట్ వచ్చింది! మా సంతోషి ఫస్ట్ వచ్చింది! సూర్యాపేట మాల్‌లో జరిగిన బౌలింగ్ పోటీలో నా బిడ్డే ఫస్ట్! ఇక జూలై ఆరున హైదరాబాద్‌లో స్టేట్ ట్రయల్స్. రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఊకదుమ్ము పీల్చి ముసలివాడైన నర్సయ్య కూతురు ఇవాళ స్టేజీ మీద కప్పు పట్టుకొని నిలబడింది. ఏడో తరగతి చదివినవాణ్ని, ఈ సంతోషాన్ని ఇంతకంటే ఎలా రాయాలో తెలియదు.

బౌలింగ్ అంటే క్రికెట్ అనుకున్నాను మొదట్లో. కాదు. నున్నటి చెక్క దారి మీద బరువైన బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పిన్నులను పడగొట్టాలి. బంతికి మూడు రంధ్రాలుంటాయి. ఒకదానిలో బొటనవేలు, మిగతా రెంటిలో నడిమి వేళ్లు. సంతోషి సూర్యాపేటలో ప్రైవేట్ స్కూల్ పీఈటీ. పిల్లలను ఆ మాల్‌కు పిక్నిక్ తీసుకుపోయి, తనే ఆటలో ఇరుక్కుపోయింది. ఆ గేమ్ జోన్ మేనేజర్ రాజ్‌కుమార్ దగ్గర పాత నల్ల బంతి ఒకటి నేనే కొనిచ్చాను.

ఫొటోలో కప్పును ఎడమచేత్తో పట్టుకుంది. ఎందుకా అని బిడ్డ కుడిచెయ్యి తిప్పి చూశాను. ఛీ! బొటనవేలి మొదట్లో తోలు ఊడి, చీము పట్టి, దాని మీద చెమటకు నానిపోయిన బ్యాండేజి. కణుపు వాచిపోయింది.

జూన్ 9

దేవమ్మ కూడా ఆ వేలు చూసింది. నా భార్య ఎక్కువ మాట్లాడదు. ట్రయల్స్ నాటికి వేలు మానకుంటే హైద్రాబాద్ లేదు గీద్రాబాద్ లేదు, గా బంతిని వాడపల్లి కాడ మూసీల ఇసిరేసి వస్త అన్నది. ఉత్త బెదిరింపు కాదు. నా బీడీ కట్టలన్నీ ఆ మూసీలోనే కలిశాయి.

జూన్ 11, బుధవారం

సంతోషితో నేనూ సూర్యాపేట పోయాను. ఎందుకు పోయానా అనిపించింది. కిరాయి బూట్లు ఇచ్చే కౌంటర్ దగ్గర ముక్కు మూసుకున్నాను. ఊరందరి పాదాల కంపు అక్కడే ఉంది. అందరూ వాడే బంతులు వరసగా పేర్చి ఉంటే, ఎట్లుంటాయో చూద్దామని ఒకదాని రంధ్రంలో వేలు పెట్టాను. జిడ్డు. ఎవరో చిప్స్ తిన్న చేతి నూనె. ఇంకోదానిలో తెగిన గోరు ముక్క. మూడోదానిలో ఎవరిదో నెత్తుటి బ్యాండేజి! సబ్బుతో చెయ్యి కడిగాను, మళ్లీ కడిగాను, అయినా ఆ చేత్తో సమోసా తినబుద్ధి కాలేదు.

రాజ్‌కుమార్‌ను అడిగాను, మా బిడ్డకు ఈ నొప్పేంది బాబూ అని. నొప్పి లేకుంటే గేమ్ రాదంకుల్, తోలు మందం కావాలె, పుండు మీద జర గ్లూ పెట్టుకొమ్మను అన్నాడు. చూపిద్దామని తన బొటనవేలు నా మొహం ముందు పెట్టాడు. మేక గిట్టలా ఉంది. దానికి మళ్లీ గర్వం కూడా.

జూన్ 14

పెన్‌పహాడ్ నుంచి మా అక్క లక్ష్మీనర్సమ్మ వచ్చింది. కప్పు చూసి మేనకోడలికి మెటికలు విరిచింది. వేలు చూసి వెంటనే గిన్నెలో సున్నం, బెల్లం కలిపింది. తమ్మీ, కాలు బెణికినా చెయ్యి బెణికినా గిదే మందు, దవాఖానోళ్లకేం దెలుసు అని. పుండు వదిలేసి వాచిన కణుపు చుట్టూ మెత్తింది. సంతోషి వద్దంటుంటే, ఊకో బిడ్డా, మీ నాయిన మోకాలు గిట్లనే బాగైంది అన్నది. నా మోకాలు ఇప్పటికీ నొస్తుంది, ఆ మాట అక్క ముందు అనలేదు. మందు ఆరకముందే పిల్ల ప్రాక్టీసుకు పోయింది.

జూన్ 16

బంతికి చీమలు పట్టాయి.

జూన్ 17

నిన్న రాయలేకపోయాను. సంచి తెరిస్తే ఎర్రచీమల దారి ఒకటి, నేరుగా బొటనవేలి రంధ్రంలోకి. లోపల బెల్లం, సున్నం, చెమట, చీము అన్నీ కలిసి పాకం కట్టాయి. చీపురు పుల్లతో కెలికితే ముద్ద ఊడివచ్చింది. అందులో సగం చచ్చిన చీమలు, బిడ్డ వేలి తోలు. థూ! అన్నం ముందు కూర్చుంటే అదే కళ్ల ముందు కదిలింది, కంచం జరిపేశాను. దేవమ్మ వచ్చి తొంగి చూసి ఒక్క మాటే అన్నది. మూసీ.

జూన్ 19, గురువారం

ఉపాయం దొరికింది! నొప్పి ఎక్కడుంటుంది? బిగుతులో ఉంటుంది. చెప్పు కరిస్తే సాగదీస్తాం, జాకెట్టు బిగిస్తే కుట్టు విప్పుతాం. సంతోషికి చిన్నప్పుడు ఏనాడైనా సరిపోయే బూట్లు కొన్నానా? ఎదిగే పిల్ల అని పెద్ద సైజే కొని, ముందు కాగితాలు కుక్కేవాణ్ని. ఇదీ అంతే. పుల్లకు గరుకు కాగితం చుట్టి మూడు రంధ్రాలనూ పొద్దంతా రుద్దాను. నల్లటి పొడి ముక్కులోకి పోయి తుమ్ములు. అయినా ఎంత హాయి!

మధ్యలో మునగాల నుంచి బావమరిది గోపయ్య ఫోన్ చేశాడు. హైవే దాబాలో వంట మాస్టర్ కదా, వెనక గరిటెల చప్పుడు. ఏం జేస్తున్నవ్ బావా అంటే చెప్పాను. గుమ్మడికాయ దొర్లిస్తానికి గింత కష్టమెందుకు, నా దగ్గరికి తోలియ్యి, రోజుకు బస్తెడు ఉల్లిగడ్డలు దొర్లిస్తది అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

జూన్ 21

రెట్టింపయింది నొప్పి. వేలు ఇప్పుడు రోట్లో మిరపకాయలా ఆడుతోంది, అయినా రెట్టింపు! పుండు మళ్లీ రేగింది, నడిమి వేలి గోరు నల్లబడింది. జారి పడతదేమోనని గట్టిగ పిసికి పట్టుకుంటున్న నాయినా అన్నది సంతోషి. నాకు అర్థం కాలేదు. రుద్దిన నా చేతుల మీద నాకే రోత పుట్టింది.

దేవమ్మ వాడపల్లి బస్సు టైం కనుక్కుంది.

జూన్ 22, ఆదివారం

కోదాడ పోయివచ్చాం. సంతోషితో ఆడే ఎవరో చెప్పారట, అక్కడ హైవే పక్కన శోభారాణి అనే ఆమె స్పోర్ట్స్ షాపు నడుపుతూ, బౌలింగ్ బంతులకు చేతి కొలతకు రంధ్రాలు వేస్తుందని. ఒకప్పుడు తనూ ఆడిందట. అటు హైదరాబాద్ నుంచి, ఇటు విజయవాడ నుంచి బంతులు వస్తాయి.

ముందు రంధ్రంలో స్పిరిట్ గుడ్డ తిప్పింది. గుడ్డ నల్లగా, జిగటగా వచ్చింది, ఒక చీమ కాలు కూడా. నేను అటు తిరిగి నిలబడ్డాను. తర్వాత సంతోషి వేలు అందులో పెట్టించి, ఈ బావి ఎవరండీ తవ్వింది అని అడిగింది. బడిలోలాగా చెయ్యి ఎత్తాను. పడీపడీ నవ్వింది. మీరా బాబాయిగారూ, అందరూ ఇదే అనుకుంటారు, బిగుతుగా ఉంటే నొప్పి అని. వదులైతేనే వేలు బంతిని పిసుకుతుంది, పిసికితేనే తోలు ఊడుతుంది. బంతి చేతికి దానంతటది వేలాడాలి గానీ, చెయ్యి వెళ్లి బంతిని పట్టుకు వేలాడకూడదు అంది.

పైగా ఈ బంతికి రంధ్రాలు ఎవరో పెద్ద చేతుల మగవాడి కొలతకు వేసినవట. బొటనవేలి రంధ్రానికీ మిగతా రెంటికీ దూరం ఎక్కువ, అందుకే అరచెయ్యి సాగి కణుపు వాచింది. అంచులు కూడా చాకులా ఉన్నాయని నా వేలికి రుద్ది చూపించింది. ఇన్నాళ్లూ బిడ్డ దీన్నా మోసింది!

అయితే ఇప్పుడే వేసివ్వమ్మా అన్నాను. కుదరదంది. వాచిన వేలికి కొలత తీస్తే బంతి వాపుకు సరిపోతుంది బాబాయిగారూ, అమ్మాయికి కాదు. పాత రంధ్రాలు పూడ్చి ఉంచుతాను, డాక్టర్‌కు చూపించండి, వచ్చే ఆదివారం వాపు తగ్గితేనే రండి, అప్పటిదాకా బంతి ముట్టుకోవద్దు అంది. ట్రయల్స్ ముందు ప్రాక్టీసు లేకుండానా? సంతోషి బస్సులో మిర్యాలగూడ దాకా ఏడ్చింది.

జూన్ 25

దవాఖానలో కట్టు మార్చారు. చీము లేదు. వాసన చూశాను, మందు వాసనే.

జూన్ 29, ఆదివారం

వాపు తగ్గింది! పొద్దున్నే కోదాడలో దిగాం. శోభారాణి కొలతలు తీసుకొని మిషన్ ఆన్ చేసింది. పూడ్చిన మైనంలాంటిది కాలి కుళ్లిన చేపల కంపు కొట్టింది, నాకు ఆ కంపు కూడా ముద్దొచ్చింది. వేలికి అంటీఅంటనట్టు రంధ్రం, గుండ్రంగా నునుపు చేసిన అంచులు. నా నోరు ఊరుకోదు కదా. జర వదులుగ ఉంచమ్మా, ముందుముందుకు పనికొస్తది అన్నాను. నాయినా, నాకు ఇరవై ఆరేండ్లు, ఇగ నా వేలు పెరగది అని అరిచింది సంతోషి. షాపులో అందరూ నవ్వారు.

చివర్లో రంధ్రం లోపల చిన్న టేపు ముక్కలు అంటించింది. వేలు ఒక్కోపూట ఉబ్బుతుందట, ఒక్కోపూట సన్నబడుతుందట. ఉబ్బితే ఒక ముక్క తియ్యాలి, సన్నబడితే ఒకటి అంటించాలి. బూటులో కాగితం కుక్కినట్టే కదమ్మా అన్నాను. అవును బాబాయిగారూ, కాకపోతే ముందు బూటు సరిపోవాలి అంది.

సంతోషి బంతి ఎత్తి చెయ్యి వదులుగా ఊపింది. కళ్లు మూసుకుని ఊపింది. నొస్తలేదు నాయినా అన్నది. నేను షాపు బయటికి వచ్చి లారీల వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

జూలై 6, ఆదివారం

హైదరాబాద్ నుంచి ఇప్పుడే వచ్చాం. దేవమ్మ గడపలోనే నిలబడి ఉంది. స్కోరు అడగలేదు. బిడ్డ కుడిచెయ్యి లాగి లైటు కిందికి తిప్పింది, బొటనవేలు వత్తింది, వాసన చూసింది. తోలు చెక్కుచెదరలేదు. ఇగ కాళ్లు కడుక్కోండి, అన్నం పెడుత అన్నది. అప్పుడు చెప్పింది సంతోషి, స్టేట్ టీమ్‌లో తీసుకున్నారని. నెల రోజులుగా తిననంత తిన్నాను!

జూలై 7

చెప్పాల్సినవాళ్లు.

పెన్‌పహాడ్ అక్క. సున్నం, బెల్లం వల్లనే అంటుంది. అననీ.

మునగాల గోపయ్య. గుమ్మడికాయ గెలిచిందని.

కోదాడ శోభారాణి. ఇక చుట్టమే.

రాజ్‌కుమార్ చుట్టం కాదు. ఆ బంతులు కడిగిన రోజు చెప్తాను.

వాడపల్లి కాడ మూసీ. బంతి రావడం లేదని.