పేరు చెప్పని దాతకు బాకీపడిన పాట

బ్రికామా వాస్తవ్యుడను, పాటగాళ్లైన జాలీల వంశంలో పుట్టి, ఇరవయ్యొక్క తీగల కోరా వాయించి, పదిమందినీ పొగిడి బతికినవాడను, కీర్తిశేషులు ఫోడే కనుతే గారి రెండవ కుమారుడను అయిన మసానె కనుతే అనే నేను, అల్లా ఇచ్చిన తెలివి ఇంకా నా దగ్గరే ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పి రాయించిన వీలునామా ఇది. మోకాళ్లు పోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి. ఇల్లూ వేరుశనగ చేనూ షరియత్ ప్రకారం భార్యాబిడ్డలకు చెందుతాయి. అందులో నేను వేలు పెట్టను. నా ఇష్టానికి వదిలిన మూడో వంతుకే ఈ షరతులు.

1. కోరాలు చేసే ఎండిన సొరబుర్రలు, ఆవుతోళ్లు, ఇత్తడి తీగ కమ్మరి సైకూకు దఖలు. నా కొత్త కోరాకు సైకిల్ చువ్వలు వంచి మీటలు చేసింది ఇతనే. పేపర్లో నా ఫోటో వేస్తే, "మసానె, నా సుత్తి అయినా పడిందా అందులో?" అని అడిగాడు. పడలేదు.

2. శ్రుతి చూసే యంత్రం హోటల్ బ్యాండులో పియానో వాయించే ఎబ్రిమా గారికి. "మీ తీగ తప్పు పలుకుతోందండీ" అని నలుగురిలో అన్నారు. మా బాణీల్లో పియానో రెండు మెట్ల మధ్య సందులో పలికే స్వరాలున్నాయి. మా నాన్న స్వరానికి కూడా ఆ యంత్రం ఎర్రదీపమే వెలిగిస్తుంది. ఆయనే చూసుకుంటూ కూర్చోవచ్చు.

3. మధ్యాహ్నాలు నా వాకిట చేరే మిత్రులకు టీ కెటిల్. చక్కెర మీరే తెచ్చుకోండి.

4. మొదటి మీటల కోరాను మా అన్న అన్సుమానా కూతురు నీమాకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆడపిల్లకు కోరా ఏమిటని నా కొడుకులు తకరారు పెట్టరాదు. ఎందుకిస్తున్నానో చెప్పాలి.

ఒక బాణీ నుంచి ఇంకో బాణీకి మారాలంటే మేము కోరా మెడకున్న తోలు కట్లు ఒక్కొక్కటీ తోస్తూ కూర్చోవాలి. ఈలోగా పెళ్లివాళ్లు అన్నాలు తిని వెళ్లిపోతారు. ఆ సందు స్వరాలు చెడకుండా, మీట నొక్కగానే బాణీ మారే కోరా చేయాలని నా పంతం. చేతిలో ఒక్క దలాసీ నాణెం లేదు. మేనల్లుడు ఇంటర్నెట్‌లో చందాల పేజీ పెట్టాడు. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పాడతానని మాటిచ్చాను. జాలీ దగ్గర ఇంకేముంటుంది?

అన్న మాత్రం ఊరందరిలో, "ఒరేయ్, నాన్న కోరాకు ఇనుప చువ్వలున్నాయట్రా? మీటలు లేకుండానే ఊరిని ఏడిపించలేదా?" అని ఎగతాళి చేశాడు. అది మనసులో పెట్టుకున్నాను.

చందాలు సగంలో ఆగిపోయాయి. ఆఖరి వారంలో ఒకే మనిషి మిగిలిందంతా వేశాడు. పేరు ఉండవలసిన చోట, "పేరు చెప్పడం ఇష్టం లేని ఒకరు" అని ఉంది. కోరా మొదటిసారి వాయించిన రోజు అందరి పేర్లూ పాడాను. ఆ పేరు దగ్గరకొచ్చేసరికి, మాలో పొట్టేలు కోసి పేరు పెడతారు గనుక, జనాన్ని నవ్విద్దామని, "ఈయనకు పేరే లేదట! వాళ్ల నాన్న బారసాలకు పొట్టేలు కొనని పిసినారి!" అని అందుకున్నాను. జనం పడి పడి నవ్వారు. ముందు వరుసలో అన్న కళ్లు తుడుచుకుంటూ అందరికన్నా గట్టిగా నవ్వాడు. నాకు ఊపొచ్చి మళ్లీ పాడాను.

తరవాత ప్రతి పెళ్లిలో అదే అడిగారు, అదే పాడాను. ఆ రోజుల్లో, నాలాగే పాడి బతికే అన్న తన మైకు సెట్టు లేకుండా వట్టి గొంతుతో పాడుతుంటే, ముసలితనంలో లోభం పట్టుకుందని దాన్నీ పాటలో కలిపాను. చివరికి ఒక విందులో వదిన నా ముందున్న అన్నం గిన్నె లాగేసింది. "చాలు ఆపు మరిదీ! మైకు సెట్టు అమ్మి నీకు చందా వేసింది నా మొగుడే. 'పేరు పెడితే తమ్ముడు నన్ను పొగడాల్సొస్తుంది, తోడబుట్టినవాడు నన్ను పొగిడి బతకకూడదు' అన్నాడు. నువ్వేమో మామగారినే పిసినారిని చేశావు!"

నేను తిట్టిన తండ్రి నా తండ్రే. మా ఇద్దరి బారసాలలకూ ఆయన పొట్టేళ్లు కోశాడు. ఆ రోజు నుంచి అన్న ఎదురైతే సందులోకి తప్పుకుంటున్నాను. నాకు సిగ్గుగా ఉంది. అందరినీ పొగిడిన నోరు అతని ముందు పెగలక, కాగితం వెనక దాక్కోవడం ఇంకా సిగ్గు.

5. నేను పోయిన నలభయ్యో రోజున నీమా ఈ కోరా మీద చందాదారుల పేర్లన్నీ మళ్లీ పాడాలి. మొదట అన్సుమానా పేరు, మా నాన్న పేరుతో కలిపి. నా పేరు ఆఖరున వచ్చినా సరే, రాకపోయినా సరే. పొట్టేలు పరిహాసం ఇకపై ఎవరూ పాడరాదు.

అన్నను సాక్షిగా పిలిపించాను. ఎందుకో చెప్పలేదు. లేఖరి దీన్ని గట్టిగా చదువుతాడు.

బ్రికామా, 17 మార్చి 2023, శుక్రవారం.
(సంతకం) మసానె కనుతే

సాక్షులు:
1. మలాంగ్ దాఫే, దర్జీ.
2. లేఖరి గమనిక: రెండవ సాక్షి అంతా విన్నారు. పేరడిగితే, "చెప్పడం ఇష్టం లేని ఒకడు అని రాసుకో" అన్నారు. అలా చెల్లదన్నాను. తమ్ముడి వైపు తిరిగి ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "అయితే రాయి. ఫోడే కనుతే పెద్దకొడుకు అన్సుమానా కనుతే. బారసాల జరిగింది. నా పొట్టేలు వీడి పొట్టేలు కన్నా పెద్దది."
(సంతకం) అన్సుమానా కనుతే