మూడు గంటలు, నలభై ఔన్సులు

ఏప్రిల్ 8, మంగళవారం

ట్రక్కులో ఉన్న మెషీన్ ఇవాళ నా లాగ్‌లో మూడు గంటల ఇరవై నిమిషాలు "డ్యూటీలో ఉన్నాడు, నడపడం లేదు" అని రాసుకుంది. దానికి తెలిసింది అంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

సాల్ట్ లేక్‌కి మాంసం లోడు ఎక్కించుకుని కెర్నీ యార్డులోంచి బయల్దేరబోతుంటే ట్వైలా పిలిచింది. పదకొండేళ్లుగా నేను ఎటు వెళ్లాలో ఆఫీసులో కూర్చుని చెప్పేది ఆవిడే. డ్రగ్ టెస్టుకి ర్యాండమ్‌లో నీ పేరొచ్చింది లైల్, తిన్నగా క్లినిక్‌కి పో, దారిలో ఎక్కడా ఆగకు, అంది. ఇరవై ఆరేళ్లుగా నడుపుతున్నాను. బీరు తప్ప ఏదీ ఎరగను.

శాంపిల్ తీసుకునేది మిసెస్ నొవొట్నీ అని, అరవై దాటినావిడ. జేబులు ఖాళీ చేయించింది, చేతులు కడిగించింది, కప్పిచ్చింది. మూత్రం గీత దాకా రావాలంది. తలుపవతల ఆవిడ ఉంది. నాలుగు చుక్కలు రాలాయి, ఆగిపోయాయి.

ఆవిడ అది పారబోసి టైము రాసుకుంది. రూలు చెప్పింది. మూడు గంటలు, నలభై ఔన్సుల నీళ్లు, అంటే లీటరు పైనే. ఆలోపు ఇవ్వలేకపోతే డాక్టరు దగ్గరికి పంపుతారు. జబ్బేదీ లేదని తేలితే టెస్టుకి ఒప్పుకోనట్టే లెక్క. ఒప్పుకోకపోతే ఏమవుతుందని అడిగాను. మత్తుమందు దొరికినవాడికి ఏమవుతుందో అదే, అంది.

తాగాను. కూర్చున్నాను. కుళాయి తిప్పి ఉంచితే ఆ చప్పుడుకి వస్తుందేమోనన్నాను. కుళాయి కట్టేసి ఉంచాలి, అదీ రూలేనండి, అంది. ఆవిడకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. తనూ ధాన్యం ట్రక్కు నడిపేదట. ఫిట్స్ వచ్చాక, నడపడానికి ఒళ్లు బాగుందని ఇచ్చే మెడికల్ కార్డు పోయిందట. మీ మీద ఎవరైనా చెప్పారా అన్నాను. నేనే చెప్పుకున్నాను, అంది.

రెండోసారి వెళ్లాను. మూడోసారి వెళ్లాను. పొట్ట రాయిలా ఉంది, కప్పు మాత్రం నిండదు. ఇంకో పది నిమిషాలివ్వండి, ఎవరికీ తెలీదు కదా అన్నాను. ఆవిడ కోప్పడలేదు. నాకు తెలుస్తుంది కదండీ, అని కాగితం మీద సంతకం పెట్టింది.

సాయంత్రం 5

టెస్టు ఎలా అయింది అని కొరీన్ అడిగింది. అయింది అన్నాను. ముప్పై ఏళ్ల పెళ్ళాంతో ఆ ముక్క చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 9

నా లోడు ఇంకొకడు తీసుకెళ్లాడు. డాక్టరుకి చూపించుకోవడానికి అయిదు పనిదినాలు గడువు.

ఇక్కడైనా నిజం రాయాలి. ఇది నిన్న మొదలైంది కాదు. ఏడాదిన్నర అయింది. ప్రతి గంటన్నరకీ ట్రక్కు ఆపుతాను. నిలబడతాను. సగం వస్తుంది, సగం లోపలే ఉండిపోతుంది. మొన్న అక్టోబరులో మెడికల్ కార్డు ఫారంలో మూత్రానికి సంబంధించి ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగారు. లేదు దగ్గర టిక్కు పెట్టాను. కింద నా సంతకం ఉంది.

ఇప్పుడు జబ్బుందంటే అబద్ధమాడినవాణ్ణి. లేదంటే మత్తుగాణ్ణి.

ఏప్రిల్ 11

డాక్టర్ ఎబర్లీ నా కూతురి వయసుది. స్కాన్ చేసింది. ప్రోస్టేట్ ఉబ్బింది, మీ వయసులో సగం మందికి ఉంటుంది, అంది. ఆ రోజు అడ్డుపడింది ఇదా, భయమా అన్నది తేల్చాలి, భయమైతే రూలు ఒప్పుకోదు, అంది. ఎప్పటినుంచి ఉంది అని అడిగింది.

నేను గోడ మీద పటం చూస్తూ కూర్చున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. నేనే చెప్పుకున్నానన్న నొవొట్నీ గుర్తొచ్చింది. ఏడాదిన్నర అన్నాను. ఫారంలో పెట్టిన టిక్కు సంగతి కూడా చెప్పాను.

ఎక్కడైనా చూపించుకున్న కాగితముందా అంది. లేదు. మాట ఒక్కటే అయితే చాలకపోవచ్చు, ఏదైనా దొరుకుతుందేమో చూడండి అంది. సన్న గొట్టం వేసి ఉన్నదంతా తీసింది. దాదాపు లీటరు. ఇంకో ఆరు నెలలు ఇలాగే నడిపుంటే కిడ్నీలు పోయేవట.

ఏప్రిల్ 14

కొరీన్‌తో చెప్పాను. బంగాళదుంపలు చెక్కు తీస్తోంది, ఆపలేదు. నాకు తెలుసు, అంది. నువ్వు కొట్టం వెనక్కి అన్నిసార్లు వెళ్తుంటే సిగరెట్లు మళ్లీ మొదలెట్టావనుకున్నాను, బట్టలు వాసన చూస్తే అది కాదు, ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను, అంది. తర్వాత నా వీపు మీద చెయ్యి వేసింది. తడి చెయ్యి. కాగితాల మాట ఎత్తితే, ఆ ట్రక్కులో మెషీన్ నువ్వు ఆగినప్పుడల్లా రాస్తుందిగా, అంది. నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ట్వైలా దగ్గరికెళ్లి ఆరు నెలల లాగ్‌లు కావాలన్నాను. కంపెనీ అంతవరకే ఉంచుతుంది. ఎందుకో చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. ఆవిడ ప్రింటు తీస్తూ నేను ఆగిన చోట్లు చూసింది. నార్త్ ప్లాట్, ఒగలాలా, సిడ్నీ, షయాన్, లారమీ. ప్రతి ట్రిప్పులో అన్నీ ఉన్నాయి, ఒక్కోచోట పదిహేను నిమిషాలు. ఒగలాలాలో ఎవత్తెనో ఉంచుకున్నావనుకున్నాను, అంది. నువ్వు లేటైనప్పుడల్లా యార్డంతా వినేలా తిట్టాను, తప్పయిపోయింది లైల్, అంది. తర్వాత తలుపు వేసొచ్చింది. మా డెల్ కూడా అంతే, అంది. అడిగితే విసుక్కుంటాడట. డెల్ ఆవిడ మొగుడు. చెత్త ట్రక్కు నడుపుతాడు, స్కూల్లో నాతో ఫుట్‌బాల్ ఆడినవాడు.

ఏప్రిల్ 15

లాగ్‌లు డాక్టరుకి ఇచ్చాను. నలభై మూడు పేజీలు.

ఏప్రిల్ 21

ఫోనొచ్చింది. టెస్టు రద్దు. నా తప్పేమీ లేదని రాశారట.

మెడికల్ కార్డు కూడా రద్దు. అది నా తప్పే.

జూన్ 3

ప్రోస్టేట్ ఆపరేషనై నాలుగు వారాలు దాటింది. కార్డు కోసం మళ్లీ పరీక్ష. అదే ఫారం, అదే ప్రశ్న. ఉంది దగ్గర టిక్కు పెట్టి, కింద ఖాళీ చాలక వెనక పేజీలో కూడా రాశాను. మామూలుగా రెండేళ్లకిస్తారు, నాకు మూడు నెలలకే ఇచ్చారు. మూడు నెలలు చాలు. గురువారం లోడుంది.

జూన్ 17

డెల్‌కి ఫోన్ చేశాను. ట్వైలా వాగిందా అన్నాడు. అవును అన్నాను. దాన్ని తిట్టాడు, నన్ను తిట్టాడు. ఒరేయ్, నేను గొట్టం వేయించుకున్నానురా అన్నాను. నొప్పెట్టిందా అన్నాడు.

జూన్ 20, ఉదయం 8:40

ఎబర్లీ క్లినిక్ ముందు కారాపాను. డెల్ దిగనంటున్నాడు. పోనీ నేను వెళ్లి పేరు రాయించి రానా అంటే వద్దన్నాడు. సరేనని ఇంజన్ ఆపేశాను. ఇద్దరం కూర్చున్నాం.