దొరకని తీర్పు

బుధవారం, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్

న్యాయ పరిశోధన తరగతి ఈరోజుతో అయిపోయింది. మా ఇద్దరి పేపర్‌ను సురేశ్ చదివాడు, నేను పక్కన నిలబడ్డాను. డ్యూటీలో గుండె ఆగి చనిపోతే అది పని వల్ల జరిగిన మరణమేనని ఈ అరబ్ దేశపు కోర్టు ఒప్పుకుందంటూ కొత్తగా ఒక తీర్పు చూపించాడు. నిన్నటి ప్రతిలో అది లేదు. చివర్లో తెర మీద నా భార్య విమల ఫొటో వేశాడు. నా గోడ మీదున్నదే, దండతో సహా. నన్ను అడగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

విమల కూడా డ్యూటీలోనే కుప్పకూలింది. పని వల్ల కాదని కంపెనీ తేల్చేసింది. ఆశగా లైబ్రరీకి పరుగెత్తాను. మేం చదివేవి ఇంగ్లీషు అనువాదాలు, చెల్లేది మాత్రం అరబిక్ మూలమే. లైబ్రేరియన్ తీర్పు నంబరు కొట్టి చూసి "మాఫీ" అంది, అంటే లేదని. అలాంటి తీర్పే లేదు.

క్యాంటీన్‌లో సురేశ్‌ను పట్టుకున్నాను. "గీ తీర్పు నీకు ఏడ దొరికింది?"

"ఏఐ ఇచ్చిందన్నా. అరబిక్‌లో ఎవడు వెతుకుతాడు చెప్పు? వదినగారి ఫొటో చూసి మేడమ్ కళ్లు తుడుచుకున్నారు. ఏ గ్రేడ్ ఖాయం!" అంటూ సమోసా ప్లేటు నా వైపు జరిపాడు.

ప్లేటు వెనక్కి తోసేశాను. అబద్ధం పక్కన ఆమె ముఖం. దాన్ని నమ్మి కాసేపు సంతోషపడ్డానన్నది ఇంకా అసహ్యంగా ఉంది.

చెబితే ఇద్దరం కోర్సు మళ్లీ చదవాలి. చదువుతాను. రేపు పొద్దున మేడమ్ గది తెరవగానే వెళ్లి, ఆ తీర్పు లేదని చెబుతాను. విమల ఫొటో తీసేయమంటాను.