నిప్పుకొమ్ము ప్రాణం పన్నెండు

నా ఇంటిదానికి,

ప్రభువు కృప నీకూ మీ అక్కకూ తోడుండును గాక. ఇక్కడ క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. ఒంటికి క్షేమమే. తక్కినది చివరిదాకా చదివి నువ్వే తేల్చు. మీ అక్క కర్ర ఊతతో వాకిలిదాకా నడిచిందని చదివి సంతోషించాను. ఇంకో నెల నీ అవసరం ఉందన్నావు, ఉండు. అక్కడి నుంచి ఇక్కడికి తొందరపడి రావద్దు. వచ్చి చూడదగిన ముచ్చట కూడా ఇక్కడేమీ లేదు.

"ఫోనులో నువ్వు ఊపిరి తీసుకోవు, నాకు సందు ఇవ్వవు. ఉత్తరం రాయి, కనీసం నాకు కావలసినచోట ఆపుకుంటాను" అన్నావు కదా. అందుకే రాస్తున్నాను. ఎక్కడైనా ఆపుకో.

నీ ప్రశ్నలకు జవాబులు. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను, రెండు రోజులు మరిచిపోయాను, అబద్ధమాడను. స్నానాలగది కుళాయి కారుతూనే ఉంది. ఊళ్ళోవాళ్ళ కుట్టుమిషన్లన్నీ బాగుచేసేవాడి ఇంట్లో కుళాయి కారుతోందని నవ్వకు. మూడో ప్రశ్న, "అమ్మడు చేసిన ఆట ఒక్కసారైనా ఆడావా?" అన్నది. దానికి జవాబు కాస్త ఆగి రాస్తాను. ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరమంతా.

నా అనుమానాలు నీకు తెలిసినవే. వెనకగదిలో మూడేళ్ళుగా మన పిల్లా, నోరు విప్పడని నేను మౌని అని పిలిచే ఆ కుర్రాడూ తలుపు దగ్గరగా వేసుకుని పనిచేస్తుంటే నాకు నిద్ర పట్టేది కాదు. అమ్మడు బొమ్మలు గీస్తుంది, వాడు వాటిని కదిలిస్తాడు. ఇద్దరే మనుషులు, పైన కంపెనీ లేదు, అజమాయిషీ లేదు. కంప్యూటర్ తెర మీది గళ్ళ పలకపై మంత్రజీవాలు ఒకదాని తరువాత ఒకటి వంతులవారీగా కదులుతాయి. నాచు మొలిచిన కొమ్ముల దుప్పి. కడుపులో దీపం వెలిగే కప్ప. ఉన్నిగుండు అనే గొర్రెపిల్ల. అన్నిటికీ ఎదురుగా నిప్పుకొమ్ము అని ఒకటి, నల్లగా, కళ్ళలో నిప్పుకణికలతో. దాని బొమ్మ గోడకు అంటించిన రోజున నేను ఆ గదిలోకి అడుగుపెట్టడం మానేశాను.

నువ్వు వెళ్ళాక అనుమానం ఇంకా ముదిరింది. కాఫీ కలుపుకుంటుంటే లోపలి నుంచి మాటలు వినబడేవి.

"దాన్ని చంపి మళ్ళీ లేపుదామా?" అనేవాడు వాడు.

"ముందు కప్పని బలివ్వు, అప్పుడు లేపు" అనేది ఇది, తాపీగా, వేరుశనగలు నములుతూ.

నా చేతిలో గిన్నె జారింది. అప్పుడు నువ్వు ఇంట్లో ఉండి ఉంటే, "అది పిల్లల ఆటండీ" అని నా నోరు మూయించేదానివి. నువ్వు లేవు. గ్రంథం తీసి కూర్చున్నాను. గ్రంథం తెరిస్తే గొర్రె తోలు కప్పుకున్న తోడేళ్ళే కనబడ్డాయి. మనం దేనికోసం చూస్తామో అదే కనబడుతుందని, ఇప్పుడైతే రాయగలను.

వాడి మీద మరీ అనుమానం. అంత తక్కువ మాట్లాడేవాణ్ణి నా జన్మలో చూడలేదు. "భోంచేశావా?" అంటే తల ఊపుతాడు. "మీ ఇంట్లో అంతా బాగున్నారా?" అంటే తల ఊపుతాడు. దాచుకునేది లేనివాడికి నోరెందుకు మూతపడుతుంది, అని ఆదివారం ప్రసంగంలో, పేరెత్తకుండా, అరగంట దంచాను. రెండో వరసలో కూర్చునే కళ్ళజోడు మామ్మ, "అయ్యగారూ, ఆ మాట మా ఆయనకి చెప్పండి, నలభై ఏళ్ళుగా మూతే!" అంది. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు.

రెండు నెలల కిందట అమ్మడే నా దగ్గరికి వచ్చింది. దాని పాత కంప్యూటర్ నా పేరుతో తెరిచి నా ముందు పెట్టి, "నాన్నా, ఆటలో మాటలన్నీ ఈ పట్టికలో ఉన్నాయి. భాషలో నీకు మించినవాళ్ళు లేరు. తప్పులు దిద్దిపెట్టవా?" అంది. తరువాత వేలెత్తి, "మాటలు మాత్రమే. కుడిచేతి వైపు అంకెలున్నాయి చూడు, వాటి జోలికి పోకు" అంది.

నేను ఒప్పుకున్నాను. ప్రేమతో అనుకున్నావా? వేగులవాడిలా. శత్రువు గుడారంలోకి శత్రువే పిలిచి దారి చూపించినట్టు అనిపించింది. దుకాణంలో మధ్యాహ్నం పని పలచబడ్డాక వరస వరసా చదివాను, మంత్రం ఎక్కడ దొరుకుతుందా అని. దొరకలేదు. కప్ప పలికే మాట ఒకటి, "అలిసిపోతే నా వెలుగులో కూర్చో, లెమ్మనను." మంచి మాటే. మంచి మాట కాబట్టి ఇంకా అనుమానించాను. విషాన్ని ఎవరూ చేదులో కలిపి ఇవ్వరు కదా.

నిప్పుకొమ్ము వరసలు వచ్చేసరికి ఆగిపోయాను. నలభై దాకా ఉన్నాయి. దయ్యం పలుకులు నా కళ్ళతో చదవనని, మిషన్ కొలత చూసే రేకుబద్ద తెర మీద అడ్డం పెట్టి, ఆ భాగం దాటించేశాను. కానీ బద్ద చివర, కుడివైపున, ఏది ఎంత దెబ్బకు తట్టుకుంటుందో చెప్పే అంకెలు కనబడ్డాయి. నిప్పుకొమ్ము ప్రాణం నూటఇరవై. ఉన్నిగుండు ప్రాణం పదిహేను.

నాకు కోపం నషాళానికెక్కింది. గొర్రెపిల్లకు పదిహేనా! కొమ్ముల దయ్యానికి నూటఇరవయ్యా! నేను ముప్పై ఏళ్ళుగా చెబుతున్నదేమిటి, నా ఇంట్లో నా కూతురు రాస్తున్నదేమిటి? నూటఇరవైలో సున్నా తీసేశాను. పదిహేను పక్కన సున్నా చేర్చాను. రెండు నొక్కులు. సాక్ష్యం పలికినంత తృప్తిగా ఉండింది. సాయంత్రం అమ్మడు, "అంతా చూశావా నాన్నా?" అంటే, "అంతా చూశాను తల్లీ" అన్నాను.

ఇంతవరకూ చదివి నువ్వు తల పట్టుకుని ఉంటావు. ఆగు, ఇంకా ఉంది.

పోయిన నెల చిన్న చిన్న ఆటలు చేసేవాళ్ళందరికీ ఒక ప్రదర్శన పెట్టారు. ఆటలను జనంలోకి తీసుకువెళ్ళే కంపెనీ నుంచి ఒకావిడ వచ్చి, ప్రతి బల్ల దగ్గరా కూర్చుని ఆడి చూసింది. మన పిల్ల బల్ల దగ్గర ఉన్నిగుండు గళ్ళు దాటుకుంటూ తిన్నగా పోయి నిప్పుకొమ్మును ఒక్క గుద్దు గుద్దింది. అది పడిపోయింది. ఆట అయిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారట. "మూడేళ్ళ పని ఒక్క గుద్దుకేనా?" అందట ఆవిడ. అయినా మంచి మనిషే, "బొమ్మలు వదలబుద్ధి కావడం లేదు. నెలలోపు సరిచేసి తెస్తే మళ్ళీ చూస్తాను" అని గడువిచ్చింది. ఆ గడువు వచ్చే సోమవారంతో ముగుస్తుంది.

ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మడు వాడి మీద విరుచుకుపడింది. నేను నడవాలో చెప్పులు విప్పుతున్నాను.

"అంకెలు చూసేది నువ్వే కదా! అన్నీ కలిపి కట్టేది నువ్వే కదా! ఎలా మారతాయి వాటంతటవి? చెప్పు, నోరు తెరిచి ఒక్కసారైనా చెప్పు!"

వాడు, "బయలుదేరే ముందు నేను ఒకసారి ఆడి చూసుకోవలసింది" అన్నాడు.

"నన్ను నవ్వులపాలు చేశావు. పో. మళ్ళీ రాకు."

వాడు నా పక్కనుంచే వెళ్ళాడు. తల ఊపాడు. నేను అప్పుడు నోరు విప్పి ఉండాలి. ప్రతి ఆదివారం గంటంపావు ఆగకుండా పలికే ఈ నోరు అప్పుడు పెగలలేదు. పెగిలినదెప్పుడంటే, అన్నాల దగ్గర. ఏమన్నానో తెలుసా? "వాడు తోడేలని నేను ముందే చెప్పలేదా తల్లీ" అన్నాను. అది కంచం ముందునుంచి లేచిపోయింది.

అప్పటి నుంచి పని ఆగిపోయింది. అది బొమ్మలు గీయగలదు గానీ వాడు లేనిదే ఆట కదలదు. వాణ్ణి పిలవమంటే పిలవదు. గోడ మీది బొమ్మలు ఒక్కొక్కటీ ఊడదీసి అట్టపెట్టెలో పెడుతోంది. కళ్ళజోడు మామ్మ మాత్రం సమావేశం తరువాత నా చేయి పట్టుకుని, "మా మనవరాలు చూసొచ్చిందట అయ్యగారూ! గొర్రెపిల్ల దయ్యాన్ని ఒక్క గుద్దుకు పడేసిందట! అమ్మాయిగారు ఎంత భక్తిగా చేశారో!" అంది. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం మౌని నా దుకాణానికి వచ్చాడు. భుజాన సంచి. బెదిరించడానికే వచ్చాడనుకున్నాను. చేతిలో స్క్రూడ్రైవరు గట్టిగా పట్టుకున్నాను కూడా.

"నీకేం కావాలి?" అన్నాను.

"ఏం వద్దు బాబాయిగారూ. ఆ పట్టికలో ఎవరు ఏ గడి ఎప్పుడు మార్చారో రాసి ఉంటుంది. ప్రదర్శన నాటి సాయంత్రమే చూశాను. మీ పేరుంది."

నేను నిలబడ్డవాణ్ణి స్టూలు మీద కూర్చున్నాను. "అమ్మడికి చెప్పావా?"

"లేదండి."

"ఎందుకు చెప్పలేదు? నీ మీద పడ్డ మాట ఎందుకు మోశావు?"

వాడు ఎదురుగా ఉన్న మిషన్ చక్రాన్ని వేలితో అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు. "మీరు పట్టిక తిరిగి ఇచ్చిన రోజు తను గదిలో గంతులేసింది బాబాయిగారూ. 'మా నాన్న నా పని మొదటిసారి అంతా చదివాడు, ఒక్క వరస వదలకుండా చదివాడు' అంటూ. అది చెరపడానికి నాకు చేతులు రాలేదు."

అన్ని మాటలు వాడి నోట ఒకేసారి వినడం నాకదే మొదలు. ఇరవై ఏళ్ళుగా దుకాణంలో అరుస్తూనే ఉన్నాను కదా, "కుట్టు పడకపోతే నా దగ్గరికి తెండి, మీరే స్క్రూలు తిప్పేసి దారం మీద నింద వేయకండి" అని. ఎవరి స్క్రూ ఎవరు తిప్పారో చూడు.

సంచిలోంచి కంప్యూటర్ తీసి, అంకెలు సరిచేసిన ఆట నా ముందు పెట్టి, "ఒకసారి ఆడండి" అని వెళ్ళిపోయాడు. నీ మూడో ప్రశ్నకు జవాబు ఇదిగో. ఆడాను. మంగళవారం నుంచి శుక్రవారం దాకా, బేరాల మధ్యన. పదకొండుసార్లు ఓడిపోయాను. నా వంతు కాకుండానే నొక్కేస్తాను, అది కదలదు, నేను తిడతాను. ఎదుటివాడు కదిలేదాకా ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో, నాతో కాపురం చేసినదానివి, నీకు చెప్పాలా.

పన్నెండోసారి నిప్పుకొమ్ము దగ్గర ఎక్కువసేపు నిలిచాను. దానికి నూటఇరవై ప్రాణం ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. చంపడానికి కాదు. ప్రాణం కొంచెం కొంచెం తరిగే కొద్దీ అది మాట్లాడుతుంది. నేను బద్ద అడ్డుపెట్టి దాటించిన ఆ నలభై వరసలూ అవే. అది దయ్యం కాదే. మందలోంచి తప్పిపోయిన గొర్రెపిల్ల. దారి తెలియక, చీకట్లో తిరిగి తిరిగి, భయానికి కొమ్ములు పెంచుకుంది. "నన్ను వెతకడానికి ఎవరూ రాలేదు" అంటుంది ఒకచోట. అప్పుడు కొట్టడం మానేసి ఉన్నిగుండును దాని పక్క గడిలో నిలబెట్టాలి. పదిహేను ప్రాణంతో, వణుకుతూ, అది దెబ్బ తింటూ నిలబడాలి. నిలబడితే నిప్పుకొమ్ము దాని వెంట ఇంటికి నడుస్తుంది. అదీ గెలుపు.

తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం కొండలెక్కిన కాపరి కథ నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటాను? ముందు వరసలో, గౌను అంచు నోట్లో పెట్టుకుని వింటూ కూర్చునేది మన పిల్ల. అది విన్నది. విన్నదాన్ని మూడేళ్ళు కూర్చుని గీసింది. నేను నిప్పుకొమ్ము ప్రాణం పన్నెండు చేసి, అది నోరు తెరవకముందే చంపించాను.

నీ దగ్గర దాచింది ఇదే. అమ్మడి దగ్గర దాచిందీ ఇదే. ఎదురుగా నిలబడి చెబుదామని రెండుసార్లు గది దాకా వెళ్ళాను. నన్ను నేనెరుగుదును. నోరు తెరిస్తే మూడో మాటకల్లా క్షమాపణ కాస్తా ప్రసంగమైపోతుంది. దాని తప్పు కూడా ఒకటి వెతికి కలిపేస్తాను. కాగితం మీదైతే అది కావలసినచోట ఆపుకోగలదు, నీలాగే.

ఇవాళ శనివారం. అమ్మడు రంగులు కొనడానికి బజారుకు వెళ్ళింది. ఇంకా రంగులు కొంటోందంటే ఆశ చావలేదన్నమాట. ఈ ఉత్తరానికి కవరు అంటించడం లేదు. దాని బల్ల మీద, కంప్యూటర్ మూతపైన, నీ చిరునామా రాసిన కవరుతో సహా పెట్టి దుకాణానికి పోతున్నాను. చదివి చించెయ్యవచ్చు, అది దాని ఇష్టం. నేను ఏమీ అడగను. మౌనిని పిలుస్తుందో లేదో కూడా అడగను. పక్క గడిలో నిలబడతాను, అంతే.

ఇది నీ చేతికి అందిందంటే, పోస్టులో వేసింది అదేనని తెలుసుకో.

ఇట్లు,
దాని నాన్న,
నీ భర్త