మనవరాలి మీద ఆవులు తేవద్దు

షిన్యంగా జిల్లా, ఇకుంగులు గ్రామంలో కాపురమున్న కీర్తిశేషులు లుహెండే భార్యను, పెన్షను పుచ్చుకుంటున్న ఉపాధ్యాయురాలిని, వెరోనికా మిలెంబే అనే నేను, ఒళ్ళు అలిసినా మతి చెదరకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసిన వీలునామా. దీన్ని అమలు జరపవలసినవాడు నా పాత విద్యార్థి, ఊరి బడి హెడ్మాస్టరు లింబు.

1. ఇల్లు, పత్తి చేను నా కొడుకు జిలాలాకు. వంటపాక కప్పు నేయిస్తానని ఏళ్ళ తరబడి అంటున్నాడు. ఇక నేయించుకోవచ్చు, అది అతనిదే.

2. నా జీతంతో కొన్న పన్నెండు ఆవులు జిలాలా కొడుకు, నా మనవడు మదుహుకు, అతని పెళ్ళిలో ఆడపిల్లవారికి ఓలిగా ఇచ్చేందుకు మాత్రమే. చెల్లెలి ఓలిగా వచ్చిన ఆవులతోనే అన్నకు పెళ్ళాన్ని తేవడం మన ఆనవాయితీ. మదుహు చెల్లెలు న్యమిజికి పద్నాలుగేళ్ళు. బడి మాన్పించవద్దంటే జిలాలా, “వాడికి పెళ్ళాం ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా, నీ పుస్తకాల్లోంచా?” అన్నాడు. ఈ ఆవులే నా జవాబు. ఆమె హైస్కూలు చదువు పూర్తికాకముందే పెళ్ళి చేస్తే ఇవి మదుహుకు చెందవు. లింబు అమ్మి, ఆ సొమ్ము ఆమె చదువుకే ఖర్చు చేయాలి.

3. నా కూతురు కబులాకు వెనక గది, కుట్టుమిషను, బ్యాంకులో ఉన్నదంతా. కరువు వచ్చిన ఏడు నేను మ్వాంజా పట్నంలో టీచరు శిక్షణలో ఉండగా మా ఆయన ఆమెకు పెళ్ళి చేశాడు. పదమూడేళ్ళ పిల్ల. సెలవులకు వచ్చేసరికి దొడ్డి నిండుగా ఉంది, పిల్ల లేదు. కాన్పులో బిడ్డ పోయి, ఆమెకు మూత్రం ఆగని జబ్బు మిగిలింది. అత్తింటివారు తెచ్చి దింపి, “మేం ఆవుల్నిచ్చింది మనిషికి, తడి చాపకి కాదు” అని మందను తోలుకుపోయారు. ఆపరేషన్లు చేయించినా కుట్లు నిలవలేదు. మడత విప్పని నా నీలం కంగా బట్ట ఆమెదే. అది కట్టుకుని అందరి మధ్యా కూర్చుని తినాలి. ఆమె కంచం విడిగా పెట్టే హక్కు ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

4. నేను మంచాన పడ్డానని జిలాలా పోయిన సంతనాడు న్యమిజి ఓలికి పొరుగూరివారి దగ్గర ఒక పెయ్యను బయానాగా పుచ్చుకున్నాడు. నాకు చెప్పలేదు. మన మందలో గొంతులన్నీ నాకు తెలుసు, దాని అరుపు కొత్తగా వినిపించింది. నన్ను పూడ్చేముందు దాన్ని తిరిగి అప్పగించాలి. జిలాలాయే పట్టపగలు, సంత దారిన తోలుకుపోవాలి. అతను వట్టి తాడుతో తిరిగొచ్చేదాకా నా గొయ్యి తవ్వకూడదు. ఎండలు ముదిరాయి, నాయనా. ఆలస్యం చెయ్యకు.

ఇకుంగులు, 14 అక్టోబరు 2019
(సంతకం) వెరోనికా మిలెంబే

సాక్షులు:
సిస్టర్ స్కొలాస్టికా, నర్సు
న్గాసా, పొరుగింటి రైతు (వేలిముద్ర)